ఇంటింటా ఆపద పెట్టె

(పొదిలిలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొగాకు ధర గురించో, పంట బీమా గురించో, వెలిగొండ నీళ్ల గురించో మాట్లాడతామని మీరంతా అనుకుని వచ్చి ఉంటారు. ఆ మాటలూ ఉన్నాయి. వాటికి ముందు ఒక చిన్న పెట్టె గురించి చెప్పాలనుకున్నాం. ఇనప్పెట్టె కావచ్చు, ప్లాస్టిక్ డబ్బా కావచ్చు, మూత గట్టిగా పడే పాత రేకు డ్రమ్ము కావచ్చు. ఆపద వచ్చిన మొదటి మూడు రోజులు ఇంటిల్లిపాదీ బతకడానికి, ఆ తర్వాత నష్టాన్ని రుజువు చేసుకోవడానికి కావాల్సినవన్నీ ఒకే చోట ఉండే పెట్టె అది. దాన్ని ఆపద పెట్టె అందాం.

"మనది మెట్ట ప్రాంతం. తుపాన్లు తీరానికి గదా, మనకెందుకీ పెట్టె?" అని కొందరు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పుకుందాం.

మన ఆపదలు ఏవి?

2023–24 రబీ గుర్తు చేసుకోండి. వానల్లేక జిల్లాలో ఎన్నో మండలాలను కరువు మండలాలుగా ప్రభుత్వమే ప్రకటించింది. అదే రబీలో, 2023 డిసెంబరు 5న, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పొగాకు, శనగ చేలల్లో నీళ్లు నిలిచాయి. ఒకే పంట కాలంలో కరువూ వచ్చింది, తుపానూ వచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను గోదావరి జిల్లాల వైపు తీరం దాటినా, ఆ వాన మన జిల్లానూ వదల్లేదు. తుపాను కన్ను ఎక్కడ ఉంటే ఏం, మబ్బు మన నెత్తిన ఉంటే చాలు.

2024 డిసెంబరు 21 నుంచి ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి వరసగా కంపించింది. పెద్ద నష్టమేమీ జరగలేదు గానీ జనం ఇళ్లల్లోంచి బయటికి పరుగులు తీశారు. బయటికి వచ్చిన మనిషి చేతిలో ఏముంది? ఏమీ లేదు. పిల్లల చెయ్యి పట్టుకొచ్చారు, అంతే. ఒంగోలు ప్రాంతంలో 1967 మార్చిలో ఇంకా గట్టి భూకంపమే వచ్చింది. పెద్దవాళ్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఇక ఎండ. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది పొలంలోనో, ఉపాధి పనిలోనో, రోడ్డు మీదో కష్టపడే వాళ్లే. పిడుగు, పాముకాటు, బ్యారన్‌లో మంట, పురుగుమందు విషం మనకు ఏటా ఉన్నవే. నడివేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకరు రాని వారం కూడా ఆపదే. వరద వస్తేనే ఆపద అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు.

పట్నం వాళ్ల సంగతీ చూశాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. రాజధానికి కూతవేటు దూరం. అన్ని శాఖల అధికారులూ అక్కడే ఉన్నారు. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు దింపారు. అయినా మేడల మీద చిక్కుకున్న వాళ్లు పాల ప్యాకెట్ కోసం, తాగే నీళ్ల కోసం రోజుల తరబడి ఎదురుచూశారు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. అంత పెద్ద ఊళ్లోనే అలా అయితే, కొనకనమిట్ల అవతల చిన్న పల్లెకు, మర్రిపూడి దారిలో ఉన్న కాలనీకి సాయం ఎన్నాళ్లకు వస్తుందో మీరే లెక్కేసుకోండి. అందుకే మొదటి మూడు రోజులు మన కాళ్ల మీద మనం నిలబడాలి. అంటే 72 గంటలు. ఈ 72 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇది మనకు కొత్త కాదు

ఈ పెట్టె ఏదో విదేశాల నుంచి వచ్చిన పద్ధతి అనుకోవద్దు. మన తాతలు జొన్నలు పాతరేసేవాళ్లు. గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి మట్టితో కప్పెట్టేవాళ్లు. గాదెలో ఒక వాటా ముట్టుకునేవాళ్లు కాదు. విత్తనాల కుండలో బూడిద, వేపాకు వేసి మూతికి మట్టి మెత్తేవాళ్లు. వాము పక్కన ఇంకో చిన్న వాము అట్టిపెట్టేవాళ్లు. 1876–78 ధాత కరువు మన పొదిలి, దర్శి, కనిగిరి ఉన్న నాటి నెల్లూరు జిల్లానూ పీడించింది. అలాంటి కరువులు చూసిన వాళ్లు నేర్చుకున్న జాగ్రత్త అది.

ఇప్పుడు పాతర పోయింది. జొన్న కొట్లో కొంటున్నాం, విత్తనం ప్యాకెట్లో కొంటున్నాం, నీళ్లు క్యానుల్లో కొంటున్నాం, డబ్బు ఫోనులో ఉంది. వారం రోజులు రోడ్డు తెగితే, కరెంటు పోతే, సెల్ టవరు ఆగితే ఇవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. పాతర ఉన్న రోజుల కంటే ఈ విషయంలో మనం బలహీనంగా ఉన్నాం. ఆపద పెట్టె అంటే ఆ పాతరనే ఈ కాలానికి తగ్గట్టు మళ్లీ పెట్టుకోవడం.

మొదట నీళ్లు

మనిషికి తాగడానికి, వంటకు రోజుకు నాలుగు లీటర్లు లెక్కేయండి. ఇంట్లో ఐదుగురు ఉంటే రోజుకు 20 లీటర్లు, అంటే ఒక క్యాను. మూడు రోజులకు మూడు క్యానులు. కానీ మన ప్రాంతంలో వేసవిలో ట్యాంకరు, ప్లాంటు రెండూ నమ్మకం లేనివి కాబట్టి ఉగాది నుంచి వానలు పడేదాకా వారానికి సరిపడా ఏడు క్యానులు ఉంచుకోవడం మంచిది. మూతలు గట్టిగా ఉండాలి, నీడన పెట్టాలి, వాడుకుంటూ మళ్లీ నింపుకుంటూ ఉండాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. "ప్లాంటు ఆగితే బోరు నీళ్లు కాచుకుని తాగుతాం" అంటారు కొందరు. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడు మాత్రం పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో ఫ్లోరైడు చిక్కబడుతుంది. క్లోరిన్ బిళ్ల కూడా ఫ్లోరైడును ఏమీ చెయ్యలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు మన ఊళ్లల్లో చూస్తూనే ఉన్నాం. రెండు మూడు రోజులు గత్యంతరం లేక తాగితే వెంటనే ప్రమాదం లేదు గానీ పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు నిలవ పెట్టిన మంచినీళ్లే ముందు ఇవ్వండి. శుభ్రమైన కప్పు మీద నుంచి పట్టిన వాన నీళ్లలో ఫ్లోరైడు ఉండదు. మొదటి జల్లు వదిలేసి, తర్వాతి జల్లు పట్టి, గుడ్డతో వడకట్టి, కాచి తాగవచ్చు. క్లోరిన్ బిళ్లలు ఒక పట్టీ పెట్టెలో ఉండాలి. ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో దాని మీదే రాసి ఉంటుంది. బిళ్ల వేసిన అరగంట తర్వాత తాగాలి.

తిండి, మందులు, వెలుతురు

తిండికి పొయ్యి వెలిగించే పని లేనివి చూసుకోండి. అటుకులు, బొరుగులు, వేయించిన శనగపప్పు, బెల్లం, వేరుశనగ ఉండలు, ఉప్పు, ఒక జాడీ ఊరగాయ. ఇవన్నీ మన ఇళ్లల్లో ఉండేవే. కావాల్సిందల్లా ఒక వాటాను విడిగా తీసి, గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ముట్టుకోకుండా ఉండటం. బ్యారన్ పుల్లలో, కందికట్టెలో నాలుగు మోపులు తడవని చోట దాచుకుంటే గ్యాస్ బండ అయిపోయినా అన్నం ఉడుకుతుంది.

మందుల్లో బీపీ, షుగరు, ఫిట్స్, గుండె మాత్రలు వాడేవాళ్లు పదిహేను రోజుల మందు ముందే ఉంచుకోవాలి. అయిపోయిన రోజు కొనే అలవాటు మానుకోవాలి. డాక్టరు రాసిన చీటీ కాపీ కూడా పెట్టండి. జ్వరం బిళ్లలు, దూది, కట్టు గుడ్డ, గాయాలు కడిగే మందు, డజను ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. ఓఆర్ఎస్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు కీడు. ఆడవాళ్లకు నెలసరికి కావాల్సినవి కూడా పెట్టెలో ఉండాలి. సభలో చెప్పడానికి మొహమాటపడాల్సిన మాట కాదిది. శిబిరాల్లో వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది వీటికే.

వెలుతురుకు మంచి టార్చిలైటు ఒకటి, దానికి విడి బ్యాటరీలు, అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒకటి. పవర్ బ్యాంకు కొనగలిగితే కొనండి. చిన్న రేడియో ఉంటే పారెయ్యకండి, టవరు పోయిన రోజు అదే వార్త చెబుతుంది. నగదు కొంత, పది, ఇరవై, యాభై, వంద నోట్లుగా ఉంచండి. సిగ్నల్ లేని రోజు ఫోనులో ఎంతుంటే ఏం లాభం? ఒక బరకం, నాలుగు బారల తాడు, కొడవలి, ఒక ఈల కూడా పెట్టండి. చీకట్లో గొంతు చించుకుని అరిచే కంటే ఈల దూరం వినిపిస్తుంది.

ఫోను నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మూత లోపల అంటించండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపకానికి 101, కరెంటు తీగ తెగితే 1912, పశువుల అంబులెన్సుకు 1962, కలెక్టరేట్ విపత్తుల కంట్రోల్ రూముకు 1077, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, పంట బీమాకు 14447. ఫోను తడిసిపోతే పక్కవాళ్ల ఫోను దొరుకుతుంది, కానీ నంబరు గుర్తుండదు.

కాగితాల సంచి

ఇప్పటిదాకా చెప్పినవి ఎవరైనా చెబుతారు. రైతు ఇంటి పెట్టెలో అదనంగా ఉండాల్సింది కాగితాల సంచి. ఇందాక 72 గుర్తుపెట్టుకోమన్నాం. పంట బీమాకూ అదే అంకె. బీమా కట్టిన పంటకు వడగళ్ల లాంటి స్థానిక ఆపద వచ్చినా, కోసి చేలోనే ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపానుకో అకాల వానకో తడిసినా, 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి. 2024 రబీ నుంచి ప్రీమియంలో మన వాటా మనమే కడుతున్నాం. కట్టి కూడా గడువు దాటిందని పరిహారం పోగొట్టుకుంటే ఎంత అన్యాయం? ఆ 72 గంటలు మనం ఏం చేస్తుంటాం? పిల్లల్ని, గొడ్లను కాపాడుకుంటూ, నీళ్లు వెతుక్కుంటూ ఉంటాం. నాలుగో రోజు తేరుకుని కాగితాల కోసం వెతికితే అవి బురదలో ఉంటాయి. ఇంట్లో నీళ్లూ తిండీ సిద్ధంగా ఉంటేనే ఆ మూడు రోజుల్లో ఒక గంట చేనికి పోయి ఫోటో తీసి, ఫోను చెయ్యడానికి తీరిక దొరుకుతుంది. పెట్టె ప్రాణానికి ఎంత అవసరమో వచ్చే ఏడాది అప్పు పెరగకుండా ఉండటానికీ అంతే అవసరం అని మేం అంటున్నది ఇందుకే.

సంచిలో ఏముండాలి? ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం కాపీలు. పట్టాదారు పాసు పుస్తకం, 1బీ, అడంగల్ కాపీలు. ఈ-పంట నమోదు రశీదు. బీమా ప్రీమియం కట్టిన రశీదు. సొసైటీ, బ్యాంకు అప్పు కాగితాలు. విత్తనాల, ఎరువుల, పురుగుమందుల బిల్లులు, విత్తన ప్యాకెట్ మీద లాట్ నంబరున్న ముక్క. మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా వినియోగదారుల కమిషన్ ముందు మనకు సాక్ష్యం ఆ ముక్కే. బిల్లు ఇవ్వని కొట్లో కొనొద్దని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఇవన్నీ తడవని ప్లాస్టిక్ కవర్లో, దాన్ని ఇంకో కవర్లో పెట్టండి. ప్రతి కాగితానికి ఫోటో తీసి, ఊళ్లో లేని కొడుక్కో కూతురికో పంపండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూలికి పోయిన పిల్లల ఫోనులో ఉన్న కాపీ ఇక్కడ ఇల్లు మునిగినా పోదు.

కౌలు రైతుల సంగతి వేరుగా చెప్పాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే కార్డు 11 నెలలే చెల్లుతుంది. దానికి భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టడానికి చాలామంది వెనకాడుతున్నారు. కార్డు లేదు, ఈ-పంటలో పేరు లేదు, అంటే పంట మన చెమటతో పండినా మునిగింది మాత్రం వేరేవాళ్ల పంట అయినట్టే. అందుకని తుపాను వచ్చాక పరుగులు పెట్టడం కాకుండా, దుక్కి దున్నేనాడే ఈ కాగితం సంపాదించుకోవాలి. యజమానితో మాట్లాడటానికి ఒక్కరే వెళ్లొద్దు. సంఘం తరఫున నలుగురం వస్తాం. ఈ కార్డు వల్ల ఆయన భూమి హక్కుకు ఏ భంగమూ లేదని చట్టంలోనే ఉందని నెమ్మదిగా చెబుతాం.

లెక్క కూడా తెలిసి ఉండాలి. విపత్తు నిధికి 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం, 33 శాతం, అంతకు మించి పంట పోతే వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, పండ్ల తోటల్లాంటి వాటికి 22,500. మెట్ట పంటకు ఎకరా లెక్కన చూస్తే మూడున్నర వేలు కూడా లేదు. మిర్చికి ఎకరాకు లక్షకు పైగా పెడుతున్న రైతుకు ఇది ఏ మూలకు? ఈ మొత్తాలు పెంచాలని పోరాడుతూనే ఉన్నాం. కానీ ఆ కాస్త కూడా కాగితం లేక పోగొట్టుకోవద్దు. నష్టం జాబితా రైతు సేవా కేంద్రంలో పెట్టగానే వెళ్లి చూడండి. పేరు లేకపోతే గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రశీదు తీసుకోండి.

గొడ్డూ గోదా

పశువు లేని రైతు పెట్టె చిన్నదైతే సరిపోతుంది. పశువు ఉంటే సరిపోదు. పాడి గేదెకు ఎండాకాలంలో రోజుకు 50 లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు కావాలి. రెండు గేదెలకు మూడు రోజులకు 300 లీటర్లు. అంటే రెండొందల లీటర్ల డ్రమ్ములు రెండు ఎప్పుడూ నిండి ఉండాలి. ఎండుమేత గేదెకు రోజుకు ఏడు కిలోలు అనుకుంటే రెండింటికి పదిహేను రోజులకు 210 కిలోలు. వాములో ఆ మేరకు గుర్తు పెట్టుకోండి, అంతకు దిగువకు రానివ్వకండి. మేత అయిపోయిన వారమే దళారి ఇంటి ముందుకు వస్తాడు. లక్ష పెట్టి కొన్న గేదెను పాతికకో ముప్పైకో తోలుకుపోతాడు. కరువులో మన కొష్టాలు ఖాళీ అయ్యేది ఇలాగే. పదిహేను రోజుల మేత ఉంటే ఆ బేరాన్ని పదిహేను రోజులు ఆపగలం. ఈలోగా గడ్డి కేంద్రం పెట్టించడానికి సంఘానికి సమయం దొరుకుతుంది.

తుపాను హెచ్చరిక వినగానే పలుపులు విప్పెయ్యండి. కట్టేసిన గొడ్డు ఉన్నచోటే మునిగి చస్తుంది, విప్పిన గొడ్డు మెరక వెతుక్కుంటుంది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు మనుషులు వేల సంఖ్యలో పోయారు, పశువులైతే లెక్కలేనన్ని పోయాయి. అది మరిచిపోకూడని పాఠం. జీవాలను వాగు పరీవాహకంలో మందవెయ్యొద్దు. ప్రతి పశువు చెవి పోగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబర్లు రాసి, పశువు ఫోటో తీసి కాగితాల సంచిలో పెట్టండి. విపత్తులో చనిపోతే పాడి పశువుకు 37,500, దుక్కిటెద్దుకు 32,000, గొర్రెకో మేకకో 4,000 రూపాయలు పైన చెప్పిన నిబంధనల్లోనే ఉన్నాయి. ఇంటికి ఇన్నింటికే అనే పరిమితి ఉంది. పశువైద్యుడు చూడకముందే పూడ్చిపెడితే ఆ సాయం రాదు.

చెయ్యకూడనివి

పాము కరిస్తే గుడ్డ బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రగాడి దగ్గర గంట పోగొట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియదు, రాత్రి నిద్రలోనే కరుస్తుంది. టార్చిలైటు పెట్టెలో ఉండాలన్నది ముఖ్యంగా ఇందుకే. మందు కొట్టేటప్పుడు కళ్లు తిరిగితే బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడిగి, ఆ మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. విరుగుడు ఇవ్వడానికి డాక్టరుకు అదే దారి. లోపలికి పోతే బలవంతంగా వాంతి చేయించొద్దు. వడదెబ్బకు స్పృహ తప్పిన మనిషి నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసురుతూ 108కి ఫోను చెయ్యండి. ఉరుముతుంటే చెట్టు కిందికి పోవద్దు. భూమి కంపించినప్పుడు తీసుకుని బయటపడేలా పెట్టె తలుపు పక్కన ఉండాలి, అటక మీద కాదు.

ఊరి పెట్టె

ఇంటి పెట్టె అందరూ పెట్టుకోలేరు. ఒంటరి ముసలమ్మకు ఎవరు సర్దుతారు? వలస పోయిన కొడుకు వచ్చేదాకా ఎవరు చూస్తారు? అందుకని ఊరికొక పెట్టె కూడా కావాలి. నాలుగు బరకాలు, రెండు పెద్ద టార్చిలైట్లు, ఒక మోకు, నవారు మంచం ఒకటి, మైకు సెట్టు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వందకు తగ్గకుండా. పొదుపు సంఘాల అక్కలు చేతులు కలిపితే ఇది పెద్ద ఖర్చు కాదు. వీటికంటే ముఖ్యమైంది ఒక పుస్తకం. నడవలేనివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, ఒంటరివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్లను చూసుకునే బాధ్యత ఏ ఇద్దరిదో అందులో రాసి ఉండాలి. ట్రాక్టరు ఎవరిది, మిద్దె ఎవరిది, కంప చెట్టు కొట్టే రంపం ఎవరిది అన్నదీ రాయండి. కులం, పార్టీ ఆ పుస్తకంలో ఉండకూడదు.

మరి సర్కారు పని?

"అన్నీ మనమే చేసుకుంటే ప్రభుత్వం ఎందుకు?" అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. మూడు రోజులు మన పని. నాలుగో రోజు నుంచి ప్రభుత్వం పని. మూడు రోజులు మనం తట్టుకున్నామని చూపించే అది అడుగుతున్నాం. ట్యాంకరు ఏ రోజు ఏ వీధికి వస్తుందో రాసి సచివాలయం గోడకు అంటించాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఎప్పుడూ ఉండాలి. యజమాని సంతకంతో పని లేకుండా సాగు చేస్తున్న వాళ్లందరికీ గుర్తింపు కార్డు ఇవ్వాలి. కరువు మండలం అని ప్రకటించిన వారంలోపు మేత కేంద్రాలు తెరవాలి. అన్నిటికీ మించి వెలిగొండ. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండను తొలిచిన రెండు సొరంగాల్లో 43.5 టీఎంసీలు పారించి, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇస్తామన్న ప్రాజెక్టు అది. పూల సుబ్బయ్య గారి పేరు పెట్టుకున్న ఆ ప్రాజెక్టు నీళ్లు మన ఇంటి కుళాయిలో పడితే మన పెట్టెలో సగం క్యానులు తగ్గుతాయి. అప్పటిదాకా క్యానులూ నింపుదాం, అడగడమూ ఆపొద్దు.

చివరగా పని పంచుకుందాం. ఏడాదికి రెండుసార్లు పెట్టె తెరిచి చూడాలి. ఉగాదికి ఒకసారి: నీళ్లు, ఓఆర్ఎస్, మేత. దసరాకు ఒకసారి: బరకం, తాడు, టార్చి, కాగితాలు. దసరాకు కొడవలికీ నాగలికీ బొట్టు పెట్టే రోజే పెట్టె కూడా తుడవండి. గడువు దాటిన మందులు, పురుగు పట్టిన అటుకులు తీసేసి కొత్తవి పెట్టండి. ఇంట్లో పదేళ్ల పిల్లకు కూడా అందులో ఏముందో, ఎక్కడుందో తెలియాలి.

వచ్చే నెల సభకు ప్రతి గ్రామ శాఖ రెండు లెక్కలు తేవాలి. ఎన్ని ఇళ్లల్లో పెట్టె సర్దారు? ఎంతమంది కౌలు రైతులకు ఇంకా కార్డు లేదు? మొదటి లెక్క మన కోసం. రెండో లెక్క పట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి అందరం కలిసి వెళదాం. ఇంటికి పోగానే ఇవాళే మొదలుపెట్టాల్సింది ఖర్చు లేని పని: ఆ కాగితాలన్నీ ఒక చోటికి తెచ్చి కవర్లో పెట్టండి.

సెలవు.